తోడుకోని పాలు

శాలలో గేదె మళ్ళీ అరిచింది. పొదుగు బిగిసిపోయి, కట్టుతాడు తెంపుకునేంత పని చేస్తోంది. ఎండ పెరట్లోకి దిగి చాలాసేపయింది. ఇంట్లో ముగ్గురు మనుషులున్నారు గానీ దాని పాలు తీసేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

దేముడమ్మ అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుంది. కుడిచేతిని కొంగులో చుట్టి గుండెలకు అదుముకుంది.

"అమ్మా, లెగు. గేది గోల ఇనబళ్ళేదేటి?" అన్నాడు ఎల్లాజీ.

"నువ్వు తియ్యి."

"నా సేతికి సేపదు. నీకు తెల్దా?"

"దూడని ఒగ్గీ. అదే తాగుతాది."

"దూడెంత తాగుతాదే? మిగిలింది గడ్డకట్టి పొదుగు వాసిపోతే ఎవులు సూసుకుంటారు?"

"నాకు సెప్పకు. నా సెయ్యి పాలకి పనికిరాదని పదిమందిలోన అనిపించుకున్నాను. ఇంక ముట్టను."

ఎల్లాజీ భార్య వైపు చూశాడు. రాజకుమారి చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఆ చెంబు ఆమె చేతిలోనే ఉంది. శాలకు వెళ్తే గేదె కాలు విసురుతోంది, ఇంట్లోకి వస్తే అత్త మొహం గోడకేసి ఉంది. ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది.

గెడ్డవలసలో ఎవరింట శుభకార్యమైనా పాలు ఊరంతా తెచ్చి పోస్తుంది. వాటిని కాచి, ఆరబెట్టి, సాయంత్రం తోడు వెయ్యడం మాత్రం ఒక్క చెయ్యే చెయ్యాలి. ఎన్ని గుండిగలున్నా అంతే. కోడలిగా వచ్చిన కొన్నాళ్ళకే దేముడమ్మది ఆ చెయ్యి అయింది. ఆమె తోడేసిన పెరుగును కత్తితో కోసి వడ్డించవచ్చని చెప్పుకునేవారు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో పేరుంటుంది. దేముడమ్మకున్న పేరు అదొక్కటే.

మొన్న దాలయ్య కొత్త శ్లాబింటి గృహప్రవేశం. దాలయ్య దేముడమ్మకు బావగారు, చనిపోయిన మొగుడికి అన్న. మొగుడు పోయి ఏడాది తిరగలేదు, తోడు వెయ్యడానికి ఆమెను పిలవొద్దని దాలయ్య భార్య జగ్గమ్మ ముందే అంది. పెరుక్కి ముత్తైదువతో పనేమిటని దాలయ్యే పట్టుబట్టి పిలిపించాడు. తెల్లారి మూతలు తీసి చూస్తే నాలుగు గుండిగలూ పాలు పాలుగానే ఉన్నాయి. విరగలేదు, పులవలేదు, తోడుకోనూ లేదు. బంతిలో కూర్చున్నవాళ్ళు పెరుగు లేకుండానే చేతులు కడుక్కున్నారు. జగ్గమ్మ కొత్త గుమ్మంలో నిలబడి ఊరంతటికీ వినబడేలా అంది.

"మొగుడు పోయిందాని సేత్తో తోడెయ్యించొద్దని నెత్తీ నోరూ బాదుకున్నాను. నా మాట ఎవులిన్నారు? కొత్తింట్లోన పాలు పేరుకోలేదు. ఇంక ఈ ఇల్లేటి పేరుకుంటాది?"

ఆ మాట విన్న దగ్గర నుంచి దేముడమ్మ లేవలేదు. దాలయ్య కుటుంబం ఇప్పటికీ సామాను పాతింట్లోనే ఉంచుకుంది.

రాజకుమారి చెంబు గుమ్మం పక్కన పెట్టి, ఫోను తీసుకుని పెరట్లోకి నడిచింది.

ఆమె భయం వేరే ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. తనకు తానే సరిగ్గా చెప్పుకోలేకపోతోంది.

పాలవ్యాను ఊళ్ళన్నీ తిరిగి బొబ్బిలి చేరేసరికి వేసవిలో సగం క్యాన్లు విరిగిపోయేవి. విరిగిన పాలు వెనక్కి వచ్చేవి. ఆడవాళ్ళు వాటిని ఊరి పక్కన పారే గెడ్డలో పారబోసి, ఎవరి పాలవల్ల పాడయ్యాయో తేల్చుకోలేక జుట్లు పట్టుకునేవారు. బొబ్బిలిలో డిగ్రీ చదివిన రాజకుమారికి ఆ గొడవలు చూసి చూసి విసుగొచ్చింది. అప్పట్లో పాఠం చెప్పిన కృపారాణి మేడంను అడిగి, జామాకూ లవంగమూ మరిగించి, వడగట్టి, చిక్కబరిచి, తనింటి పాలలో చుక్కలు చుక్కలుగా వేసి చూసింది. పొద్దున తీసిన పచ్చిపాలు ఎండల్లో కూడా సాయంత్రం దాకా నిలిచాయి. ఊళ్ళో వాటికి ఆకునీళ్ళని పేరు పెట్టారు. ఈ శుక్రవారం మేడం డెయిరీ ఆఫీసరును వెంటబెట్టుకుని వస్తోంది. ఆయన చూసి సరేనంటే పైవాళ్ళకు రాస్తారు, పరీక్షలు జరుగుతాయి, ఆ తర్వాతే ఊరి క్యాన్ల సంగతి. అప్పటిదాకా ఒక్క చుక్క కూడా ఇల్లు దాటకూడదని మేడం మరీమరీ చెప్పింది.

దాటనివ్వలేదు. దాలయ్య గుండిగల్లో తాను ఏమీ పొయ్యలేదు. అది ఖాయం. మరి ఆ సాయంత్రం అక్కడికి పట్టుకెళ్ళిన గరిటె ఏది? ఆకునీళ్ళు కలిపే గరిటేనా? కడిగిందా? కడిగింది. కడిగాననే అనుకుంటోంది.

"మేడం, ఆకునీళ్ళు పడితే పాలు తోడుకోవా?"

అవతల కృపారాణి కాస్త ఆలోచించింది. "తోడు కూడా బాక్టీరియానే కదమ్మా. మనకు కావాల్సినదాన్ని ఉంచి, అక్కర్లేనిదాన్నే చంపమంటే ఆకు వింటుందా? కానీ నువ్వు వేసే చుక్కలకు అంత బలం ఉండదు. ఎందుకు అడుగుతున్నావు?"

"ఊరికే."

"రాజకుమారీ, నువ్వు ఊరికే అడగవు."

ఆమె చెప్పేసింది. చెప్పాక తేలికవుతుందనుకుంది, కాలేదు.

"పాలు తోడుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది," అంది కృపారాణి. "పొదుగువాపు వచ్చిన గేదెకు ఇంజక్షన్ చేస్తే ఆ మందు పాలలోకి దిగుతుంది. ఆ పాలు కలిస్తే తోడుకోవు. ఎవరింట్లోనైనా అలా జరిగిందేమో కనుక్కో. తేలేదాకా మాత్రం ఆఫీసరుకు నేనేం చెప్పను, నువ్వూ చెప్పకు."

చెప్పకపోవడం మంచిదా, చెడ్డదా? మేడం గొంతులో కూడా అంత ధీమా వినిపించలేదు. రాజకుమారి నేరుగా శాలకు వెళ్ళింది. ఎల్లాజీ గేదె వీపు నిమురుతూ, బతిమాలుతూ కూర్చున్నాడు.

"బావా, ఊళ్ళోన ఎవుల గేదికైనా సూదేసినారా?"

ఎల్లాజీ చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"అడిగిందానికి సెప్పు."

"నాకేటి తెలుసు?"

"నీకు తెలుసు. తెలవకపోతే ఎందుకని అడగవు."

ఆయన లేచి గడ్డి సర్దాడు. సర్దిన గడ్డినే మళ్ళీ సర్దాడు. ఎల్లాజీకి అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పే ధైర్యమూ అంతంత మాత్రమే. అందుకని ఇలాంటప్పుడు గడ్డి మీద పడతాడు.

"పెదనాన గేదికి," అన్నాడు చివరికి. "పొదుగు వాసిపోతే పసువులకి మందేసే గంగులొచ్చి సూదేసినాడు. గృహప్రవేశానికి ముందల."

"ఆ గేది పాలు?"

"ఆళ్ళ పాలు ఆళ్ళ గుండిగల్లోన పొయ్యకుండా గెడ్డలో పోసుకుంటారేటి? కొన్నాళ్ళు వాడొద్దనీసి గంగులు సెప్పినాడు. కొత్తిల్లు, మనింటి పాలు పడకపోతే బాగోదన్నాడు పెదనాన. నన్ను నోరెత్తొద్దన్నాడు."

"ఇక్కడ మీయమ్మ పస్తు పడుంటే నువ్వు నోరెత్తలేదు."

"ఎత్తితే ఏటవుతాది? కొత్తింటికి అపశకునం ఆడే తెచ్చుకున్నాడని ఊరంతా అంటాది. నాన పోయినప్పుడు మన ఎనక నిలబడిన మనిషి ఆడొక్కడే. ఆడి మొకం మీద ఆ మాట అనమంటావేటి?"

"మరి అత్త మొకమో?"

ఎల్లాజీ మళ్ళీ గడ్డి మీదకు వంగాడు. రాజకుమారికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కింద నుంచి పొంగుకొచ్చిన సంతోషం కోపాన్ని నిలవనివ్వలేదు. గరిటె కాదు. ఆకునీళ్ళు కాదు. అత్త చెయ్యీ కాదు.

ఆమె దాదాపు పరుగెత్తుకుంటూ అరుగు దగ్గరకు వచ్చి, దేముడమ్మ భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

"అత్తా, మీ సెయ్యి కాదు. పెదమావోళ్ళ గేదికి సూదేసినారట. ఆ మందు పాలలోన కలిసినాది. అందుకే తోడుకోలేదు. మేడం సెప్పినాది."

దేముడమ్మ మొహం వెలగలేదు. కళ్ళు మాత్రం వీధి వైపు తిరిగాయి, ఎవరైనా విన్నారేమోనని.

"ఆ మాట ఎక్కడా అనకు," అంది.

"ఎందుకనకూడదు?"

"నాకు తెలుసు గనక. అది సూది కాదు."

"మీకేటి తెలుసు?"

దేముడమ్మ లేచి కూర్చుంది. కొంగులోంచి చెయ్యి బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, దానివైపు చూస్తూ మాట్లాడింది.

"నీ కుండలోంచి సెంబుడు ముంచినాను. నువ్వు పెరట్లోన ఉన్నావు. కొంగు సాటున పట్టుకెళ్ళి నాలుగు గుండిగల్లోనూ పోసినాను."

రాజకుమారికి వెంటనే అర్థం కాలేదు. "ఏటి పోసినారు?"

"నీ ఆకునీళ్ళే."

"సెంబుడా?"

"పొద్దున్నే కాసిన పాలు. ఎండ సూస్తే అలగున్నాది. సాయంత్రం దాక ఇరిగిపోతే ఎవుల్ని అంటారు? నన్నే అంటారు. మా కోడలి నీళ్ళుంటే ఇరగవు గదా అనుకున్నాను. నువ్వేమో సుక్కలు లెక్కెట్టి ఏస్తావు. మంచిదే గదా, కాసిన్ని ఎక్కువేస్తే మరీ మంచిదనుకున్నాను." ఆమె ఆ చేతి వేళ్ళు ముడుచుకుంది. "పెరుగు బాగుంటే బోజనాలయ్యాక సెప్దామనుకున్నాను. ఇది మా రాజకుమారి ఆకు మహిమని, ఆ జగ్గమ్మప్ప ముందర సెప్దామనుకున్నాను."

రాజకుమారి అరుగు అంచున కూలబడింది. అరవాలో, ఏడవాలో, ఆ చేతిని పట్టుకోవాలో తెలియలేదు. ఊళ్ళో అందరికన్నా ముందు ఆకునీళ్ళను వెక్కిరించింది ఈ మనిషే. పాలలో కషాయం పోసే కోడలు తన ఒక్కదానికే దొరికిందని గెడ్డ దగ్గర చెప్పుకుని నవ్వింది. ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టిందో నమ్మించినదానికే తెలియలేదు.

"మరప్పుడే ఎందుకు సెప్పలేదు? అన్ని మాటలు అంటంటే అలాగ ఎందుకు నిలబడిపోయినారు?"

"సెప్తే నీ ఆకు పోతాది. సుక్రారం ఆఫీసరొస్తాడు. ఆకు పోస్తే పెరుగవదని ఊరంతా ఆడి సెవిలోన ఊదుతాది. సెయ్యిదేటే, ఇంకెన్నాళ్ళుంటాది? అనుకోనీ."

"అనుకోనివ్వను."

"నోరు మూసుకుని ఉండు. నీకు నా మీద ఒట్టు."

రాజకుమారి తల పట్టుకుంది. ఇంతకీ తోడుకోనివ్వనిది ఏది? సూదిమందా, చెంబుడు ఆకునీళ్ళా, రెండూనా? అన్నీ ఆ గుండిగల్లోనే కలిసిపోయాయి, విడదీసి చూసే వీలు లేదు. ఇంజక్షన్ సంగతి ఒక్కటీ చెప్పి ఊరుకుంటే అత్త చెయ్యీ నిలుస్తుంది, ఆకూ నిలుస్తుంది. అది అబద్ధమూ కాదు. నిజమని మాత్రం ఆమె మనసు ఒప్పుకోవడం లేదు.

వీధి తలుపు చప్పుడైంది. దాలయ్య, ఆయన వెనకే జగ్గమ్మ.

దాలయ్య తువ్వాలు భుజం మార్చుకుని వాకిట్లోనే ఆగాడు. జగ్గమ్మ అరుగు ఎక్కలేదు. గేదెను వదిలి శాలలోంచి వచ్చిన ఎల్లాజీ, పెదనాన్నను చూసి స్తంభం పక్కకు ఒదిగాడు.

"మరదలా, మనసులోన ఏటీ ఎట్టుకోకు," అన్నాడు దాలయ్య. "సుక్రారం మళ్ళీ పాలు పొంగించుకుందామనుకుంటన్నాం. పంతులు అలగే సెయ్యమన్నాడు."

"మంచిది బావగారూ."

"ఈసారి తోడు నౌపడ నుంచి మా సెల్లెలొచ్చి ఏస్తాది," అంది జగ్గమ్మ. "నువ్వు ఆ పొద్దు ఈది గుమ్మంలోకి రాకుండా ఉంటే సాలు. నీకు కట్టంగా ఉంటాదని తెలుసు. నా ఇల్లు నిలబడాల గదా."

దాలయ్య భూమిలోకి చూస్తున్నాడు. ఆయన ఒక్క మాట అంటే అయిపోతుంది. ఎల్లాజీ అన్నా అయిపోతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నిలబడ్డారు.

"రాను," అంది దేముడమ్మ. "నువ్వన్నది నిజమే అప్పా. నా సెయ్యి మంచిది కాదు. ఇంక ఎవులింట్లోనూ తోడెయ్యను." అంటూ కోడలి వైపు చూసింది. ఆ చూపు నోరెత్తవద్దంటోంది.

రాజకుమారి ఆ చూపును పట్టించుకోలేదు. పట్టించుకోకూడదని అనుకుని కాదు, మాట ముందే వచ్చేసింది.

"అత్త సెయ్యి కాదు, పెదత్తా. ఆ పాలలోన నా ఆకునీళ్ళు పడ్డాయి. నానే పోసినాను."

"అబద్దం," అంది దేముడమ్మ. "అదేటీ పొయ్యలేదు. పోసింది నాను."

"నానే పోసినాను."

"దాని మాట ఇనకు అప్పా. నా మీద జాలికి అంటన్నాది."

జగ్గమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇక గొంతెత్తుతుందని, వీధంతా చేరుతుందని రాజకుమారి కాచుకుంది. ఆమె గొంతు లేవలేదు. పైపెచ్చు సన్నబడింది.

"ఎవులు పోస్తే నాకేటిగానీ, ఏ గుండిగలోన పోసినారు?"

"నాలుగింటిలోనూ," అంది దేముడమ్మ.

"మిగిలిన పాలు నాను పారబొయ్యలేదు." జగ్గమ్మ అరుగు అంచు పట్టుకుంది. "ఎండకి పొద్దున కాసిన పాలు మాపటికి ఇరిగిపోతన్నాయి గదా. అవి నిన్నటికీ ఇరగలేదు. ఈపొద్దు తెల్లారి సూస్తే అలగే ఉన్నాయి, కమ్మగా. పేరుకోకపోయినా పాడవలేదు, ఇల్లు మరీ సెడ్డది కాదేమో, దేవుడు దయ సూపించినాడనుకున్నాను. సంటిదానికి అవే పట్టినాను. నిన్నా పట్టినాను, ఈపొద్దూ పట్టినాను."

చంటిది జగ్గమ్మ మనవరాలు. ఇంకా సరిగ్గా నడక రాలేదు.

"అదేటీ సెయ్యదు గదే?" జగ్గమ్మ రాజకుమారి మణికట్టు పట్టుకుంది. "పొద్దున పాలు తాగి తొంగున్నది ఇంకా లెగలేదు. లేపితే కళ్ళు తెరిసి మళ్ళీ మూసేస్తన్నాది. ఎండకేమో అనుకున్నాను. ఆకే గదా అది? జామాకే గదా?"

నిన్నటికీ విరగలేదు. ఆ మాట శుక్రవారం ఆఫీసరు నోట వినాలని రాజకుమారి ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది. పాలు ఎంతసేపు నిలుస్తాయి, ఎంత వేడికి నిలుస్తాయి అంటే చెప్పడానికి ఆమె దగ్గర జవాబులున్నాయి. చిక్కబరిచిన కషాయం చుక్కలు కాకుండా చెంబుడు పోస్తే ఏడాది పిల్ల కడుపులో ఏమవుతుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

"పెదమావా," అంది, దాలయ్య వైపు తిరిగి. "మీ గేదికేసిన సూది..."

దాలయ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఏ సూది?" అంది జగ్గమ్మ.

ఆయన తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. జగ్గమ్మ మొగుణ్ణి వదిలేసి మళ్ళీ రాజకుమారినే కుదిపింది.

"సదువుకున్నదానివి. ఏటవుతాదో సెప్పవే."

"నాకు తెల్దు పెదత్తా," అంది రాజకుమారి. "బండి తియ్యి బావా. సంటి గుంటని బొబ్బిలి ఆస్పత్రికి తీసుకెళ్దాం."

ఎల్లాజీ తాళాల కోసం లోపలికి పరిగెత్తాడు. అప్పటికే దేముడమ్మ వాకిలి దాటేసింది. చెప్పులు లేవు, తల మీద కొంగు లేదు. చంటిపిల్ల పడుకున్న ఇంటి వైపు పోతోంది. జగ్గమ్మ ఆమెను చూసింది, నోరు తెరిచింది, రావద్దని అనలేదు. ఆమె వెనకే పరుగెత్తింది.